నేను కొన్న పాత కరెంటు కారు

కారు కొనాలన్న ఆలోచన నాదే. మా ఆయన ఎవరి దగ్గరైనా ముందు ఈ మాట చెప్పి, ఆ తర్వాతే మిగతా కథ మొదలుపెడతాడు. నేను కాదనను. పాతది కొందామన్నది నేనే, కరెంటుదే కావాలన్నదీ నేనే.

మేముండేది జహీరాబాదులో. ఆయనకు బజారులో విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. నేను ఝరాసంగం దాటాక వచ్చే ఒక ఊరి హైస్కూల్లో తెలుగు చెబుతాను. పోను ఇరవై రెండు కిలోమీటర్లు, రాను ఇరవై రెండు. పదకొండేళ్లు ఆ దూరమంతా షేర్ ఆటోలోనే తిరిగాను. ఎప్పుడూ ఒకే ఆటో. దాని డ్రైవరు నాకంటే రెండు మూడేళ్లు పెద్దవాడు. నేను ఆయన్ని భయ్యా అనేదాన్ని, ఆయన నన్ను టీచరమ్మా అనేవాడు. నాకోసం వెనక సీట్లో కుడిచేతి మూల ఆపి ఉంచేవాడు. అయినా ఆటో ఆటోనే. ముగ్గురి సీట్లో అయిదుగురం, కాళ్ల మధ్య కోళ్ల గంప, వానాకాలంలో పక్కనుంచి జల్లు. నలభై ఎనిమిదేళ్లు వచ్చాక నడుము నొప్పి మొదలైంది. ఇక చాలనుకున్నాను.

పెట్రోలు కారు కొనమని మా ఆయన అన్నాడు. "చెడిపోతే చెయ్యనీకె సందుకో మెకానిక్ ఉన్నడు. కరెంటు కారు చెడిపోతే ఎవన్ని పిలుస్తవు, లైన్‌మన్‌నా?" అన్నాడు. నేను నెలరోజులు సెల్‌ఫోన్‌లో వీడియోలు చూసి ఉన్నాను కాబట్టి నాకు అంతా తెలుసనుకున్నాను. ఇంజన్ లేదు, ఆయిల్ లేదు, క్లచ్ లేదు, చెడిపోవడానికి అందులో ఏముందని వాదించాను. ఆ వాదన గుర్తొస్తే ఇప్పటికీ నాకు ముఖం వేడెక్కుతుంది.

హైదరాబాదులో ఒక కంప్యూటర్ ఉద్యోగి దగ్గర కొన్నాం. నాలుగేళ్ల కారు. చిన్నది, తెల్లది, లోపల ఇంకా సీటు కవర్ల వాసన. నాలుగు లక్షల అరవై వేలు. తాళం చేతికిస్తూ ఆయన, "ఫుల్ చార్జింగ్ పెట్టాను మేడం, నూటడెబ్బై చూపిస్తోంది. హాయిగా ఇంటికి వెళ్లిపోవచ్చు" అన్నాడు. ఇల్లు అక్కడికి నూట పది కిలోమీటర్లు కూడా లేదు.

సంగారెడ్డి వచ్చేసరికి నూటడెబ్బై కాస్తా తొంభై రెండయింది. మేం వచ్చిన దూరం నలభై కూడా దాటలేదు. మా ఆయన స్టీరింగు పట్టుకుని రోడ్డు చూడటం మానేసి అంకె చూడటం మొదలుపెట్టాడు. సదాశివపేట దగ్గర ఏసీ ఆపేశాం. అది మే నెల. అద్దాలు దించితే గాలి అడ్డుపడి చార్జింగ్ ఇంకా తగ్గుతుందని వీడియోలో విన్నాను కాబట్టి అద్దాలూ దించనివ్వలేదు. చెరుకు ట్రాక్టర్లు మమ్మల్ని దాటుకుని పోయాయి. ఒక ట్రాక్టరు మీద కూర్చున్నవాళ్లు వెనక్కి తిరిగి మరీ చూశారు, ఇంత కొత్తగా కనిపించే కారు ఎందుకింత మెల్లగా పోతోందని. ఇంటిముందు ఆగేసరికి తొమ్మిది కిలోమీటర్లు మిగిలాయి. ఇద్దరం నీళ్లలో మునిగి లేచినట్టున్నాం. అమ్మినాయనకు ఫోన్ చేస్తే, "హైవే మీద అంతే మేడం, లోకల్‌లో బాగా వస్తుంది" అన్నాడు.

ఆ సాయంత్రమే చార్జింగ్ పెడదామని ప్లగ్ గుచ్చితే కేబుల్ డబ్బా మీద ఎర్ర లైటు వెలిగింది. తీసి పెట్టాను, మళ్లీ ఎర్రది. ఫ్రిజ్ ప్లగ్‌లో పెట్టాను, అక్కడా ఎర్రదే. ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్టర్ పెట్టి చూసి నవ్వాడు. "మీ ఇంట్ల ఎర్తింగే లేదు మేడం. ఇన్నేండ్లు ఎట్ల బతికిన్రో ఏమో." ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లోనే గీజరు, మిక్సీ, వాషింగ్ మెషిన్ నడుస్తున్నాయి. వాటిలో దేనికీ లేని పట్టింపు ఈ కారుకు వచ్చింది. స్నానాల గది గోడ పక్కన ఆరడుగుల గుంట తవ్వించి, రాగి పట్టీ దించి, బొగ్గు, ఉప్పు పోయించాం. గుంట తవ్వినవాళ్లకు, ఎలక్ట్రీషియన్‌కు, మందం వైరుకు కలిపి పదకొండు వేలు. ఆ గుంటలో రోజూ బకెట్ నీళ్లు పోయాలట, లేకపోతే ఎండాకాలం మళ్లీ ఎర్ర లైటే. నా తులసి కుండీకి కూడా నేనంత క్రమంగా నీళ్లు పోయలేదు.

మొదటి రెండు నెలలు బాగానే గడిచాయని ఒప్పుకోవాలి. మా బడిలో లెక్కలు చెప్పే మేడం నాతో పాటు కారులో వచ్చేది. ఆమెది మా పక్క వీధే. చప్పుడు లేకుండా జొన్నచేల మధ్య పోతుంటే ఇద్దరం మాటలాడుకోవడానికి గొంతు పెంచాల్సిన పని లేదు. ఆటో భయ్యా ఎదురొస్తే హారన్ కొట్టి చెయ్యి ఊపేవాడు. పదకొండేళ్ల సవారీ పోయిందని ఆయన ఎప్పుడూ నిష్ఠూరమాడలేదు. అదే నాకు ఎక్కువ ఇబ్బందిగా ఉండేది.

ఆగస్టులో ఒక ఉదయం కారు చచ్చిపోయింది. రిమోట్ నొక్కితే తలుపు తెరుచుకోలేదు. తాళంతో తీస్తే లోపల ఒక్క దీపమూ లేదు. ముందురోజే ఫుల్ చార్జింగ్ పెట్టాను. మా ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "బ్యాటరీ పోయింది. అయిదు లక్షలు" అన్నాడు. ఆయన గొంతులో బాధ ఎంతో, చెప్పిందే అయిందన్న తృప్తి ఎంతో నేను తేల్చుకోలేకపోయాను.

కంపెనీ సర్వీసు సెంటరు హైదరాబాదులో ఉంది. కారును లారీ మీద ఎక్కించి తీసుకుపోవాలన్నారు. లారీకి తొమ్మిది వేలు. వాళ్లు నాలుగు రోజులు ఉంచుకుని ఫోన్ చేశారు. పెద్ద బ్యాటరీ బాగానే ఉందట. ముందు బానెట్ కింద చిన్న బ్యాటరీ ఒకటుందట, మామూలు కార్లలో ఉండేలాంటిదే. తలుపులు, దీపాలు, లోపలి కంప్యూటరు దానితోనే నడుస్తాయట. అది పోతే పెద్ద బ్యాటరీ నిండా కరెంటున్నా కారు కదలదట. చిన్న బ్యాటరీకి ఆరు వేల రెండువందలు, కారణం కనిపెట్టినందుకు రెండు వేల నాలుగువందలు.

అలాంటి చిన్న బ్యాటరీలు మా ఆయన దుకాణం పక్క షాపులోనే అమ్ముతారు. అరగంటలో బిగించి ఇస్తారు. బిల్లు చూశాక ఆయన దాన్ని తీసుకుపోయి పక్క షాపాయనకు చూపించాడు. ఇద్దరూ కలిసి నవ్వుకున్నారని ఆయనే సాయంత్రం వచ్చి చెప్పాడు. నేను వంటింట్లోకి పోయి గిన్నెలు గట్టిగా సర్దుకున్నాను.

ఆ తర్వాత వరసగా చిన్నచిన్నవి. గతుకుల మీద ముందు చక్రాల దగ్గర టకటక. రబ్బరు బుష్‌లు అరిగాయన్నారు, ఏడు వేలు. కారు బరువంతా కింద బ్యాటరీలో ఉంటుంది కాబట్టి టైర్లు తొందరగా అరుగుతాయన్నారు, రెండు టైర్లు తొమ్మిదిన్నర వేలు. ఎలుక దూరి వైరు కొరికింది, పద్దెనిమిది వందలు. ఈ ఎలుక విషయం ఎవరికీ చెప్పకూడదనుకున్నాను, కాని లెక్కల మేడంకు చెప్పాను. ఆమె తన పుట్టింట్లో ట్రాక్టరు వైర్లు కూడా కొరుకుతాయని చెప్పి నన్ను ఊరడించింది.

వీటన్నిటినీ ఓర్చుకున్నాను గాని, చలికాలం మొదట్లో అసలు జబ్బు బయటపడింది. ముప్ఫై శాతం ఉన్న చార్జింగ్ ఇల్లు చేరేలోపల హఠాత్తుగా పన్నెండుకు పడేది. రెండుసార్లు అలా అయింది. రోడ్డు ఎత్తుగా ఉందనో, ఎదురుగాలనో సర్దిచెప్పుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. చెబితే ఏం వినాలో నాకు తెలుసు.

పరీక్షల రోజులు. సాయంత్రం నాలుగున్నరకు బడి నుంచి బయల్దేరాం, వెనక సీటులో జవాబు పత్రాల కట్టలు. ముప్ఫై నాలుగు శాతం ఉంది. ఝరాసంగం దాటాక నాలుగైదు కిలోమీటర్లలో ముందున్న తెరమీద తాబేలు బొమ్మ వచ్చింది. ఇక మెల్లగానే పోతానని దానర్థం. నిజంగానే కారు తాబేలులా పాకింది. లెక్కల మేడం "ఇదేంది మేడం, ముద్దుగుంది" అంటుండగానే సున్నా వచ్చింది. కారు రోడ్డు పక్కకు జారి ఆగిపోయింది. రెండువైపులా పత్తిచేలు.

కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే మూడు గంటల్లో లారీ పంపుతామన్నారు. మేం దిగి నిలబడ్డాం. పది నిమిషాలకు దుమ్ము లేపుకుంటూ ఆటో వచ్చింది. అదే ఆటో. నాకు నేలలోకి పోవాలనిపించింది.

"ఏమైంది టీచరమ్మా?" అంటూ భయ్యా దిగాడు.

"చార్జింగ్ అయిపోయింది."

"ఫికర్ చెయ్యకుర్రి. తాడున్నది, గుంజుకపోత."

"వద్దు వద్దు. దీన్ని గుంజొద్దు. చక్రాలు తిరిగితే లోపల మోటరు కాలిపోతదట. పుస్తకంల రాసిన్రు."

ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "నడిస్తె నడవదు, గుంజితె కాలిపోతది. మరి దీన్ని ఏం చెయ్యాలె టీచరమ్మా?"

ఆటోలో ఉన్నవాళ్లంతా తలలు బయటపెట్టి చూస్తున్నారు. ఎవరో నవ్వారు. నాకు ఒక్కసారిగా కోపం వచ్చి, "మీరు పోండి భయ్యా, అందరికి ఆలస్యమైతున్నది" అన్నాను. ఆ కోపం ఆయన మీద కాదని ఆయనకు తెలిసినట్టే ఉంది. కదల్లేదు. "ఆ మూల మీద గిర్ని ఉన్నది. పిండి గిర్నికి ఎర్తింగ్ పక్కా ఉంటది. గుంజొద్దంటిరి, మెల్లగ నూకొచ్చునా?" అని అడిగాడు.

మెల్లగా కొంతదూరం తోయొచ్చని పుస్తకంలో ఉంది. ఆ మాట చెప్పగానే ఆయన ఆటోలో ఉన్నవాళ్లందరినీ దింపాడు. ఆరుగురు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె నెత్తిమీది మూట కింద పెట్టి కొంగు నడుముకు దోపింది. లెక్కల మేడంను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి నేనూ తోశాను. మూడు వందల అడుగులు కూడా ఉండవు గాని కొండ ఎక్కించినట్టుంది. మధ్యలో ఒకాయన ఆగి, "ఏందమ్మా గింత చిన్న కారు గింత బరువున్నది, లోపల ఇనుము పోసిన్రా?" అన్నాడు.

గిర్ని ఆయన జొన్నపిండి పడుతున్నాడు. మనిషంతా పిండితో తెల్లగా ఉన్నాడు. సంగతి విని ఒక్క ముక్క కూడా అడగకుండా లావు ప్లగ్ చూపించాడు. నేను కేబుల్ గుచ్చి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి పచ్చ లైటు. ఆటోలోంచి దిగినవాళ్లంతా గెలిచినట్టు అరిచారు. అప్పుడు భయ్యా వాళ్లను ఎక్కించుకుని పోయాడు. తోసినవాళ్లలో ఒక్కరి దగ్గర కూడా ఆ రోజు కిరాయి తీసుకోలేదని నాకు తర్వాత తెలిసింది. నేను ఇవ్వబోతే, "మీరు పదకొండేండ్లు ఇచ్చిన్రు గద" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కంపెనీ వాళ్లకు లారీ వద్దని చెప్పి గంటన్నర అక్కడే కూర్చున్నాం. నేనూ లెక్కల మేడమూ జవాబు పత్రాలు దిద్దాం. వాటి మీద సన్నగా పిండి పడింది. మా ఆయన ఫోన్ చేసి ఎక్కడున్నావని అడిగితే, గిర్ని దగ్గర అన్నాను. "పిండి పట్టించనీకె అంత దూరం పోయినవా?" అన్నాడు. అప్పుడిక దాచలేక అంతా చెప్పాను. ఆయన అంతా విని, "నేను రావాల్నా?" అని మాత్రం అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకు నాకు ఏడుపొచ్చింది.

సర్వీసు సెంటరు వాళ్లు ఈసారి కంప్యూటరు పెట్టి చూసి, పెద్ద బ్యాటరీయే చెడిందన్నారు. అందులో కొన్ని సెల్లులు బలహీనమయ్యాయి, కాని విడివిడిగా మార్చరు, మొత్తం బ్యాటరీ మార్చాల్సిందే. నాలుగు లక్షల తొంభై వేలు.

"కారే నాలుగు అరవైకి కొన్న కద సార్" అన్నాను.

"అవును మేడం" అన్నాడు ఆ కౌంటర్ దగ్గరి అతను. ఎంతో మర్యాదగా అన్నాడు. బ్యాటరీకి ఎనిమిదేళ్ల వారంటీ ఉంది కదా అంటే, మూడో ఏడు ఒక సర్వీసు చేయించలేదు కాబట్టి వర్తించదని తెర నా వైపు తిప్పి చూపించాడు. మూడో ఏడు ఆ కారు నాది కాదు. అమ్మినాయనకు ఫోన్ చేశాను. "ఒక సర్వీస్ మిస్ అయినట్టుంది మేడం, లాక్‌డౌనో ఏదో... నా దగ్గరున్నప్పుడు ఏ ప్రాబ్లం లేదండి" అన్నాడు. లాక్‌డౌన్‌లు ఎత్తేశాక తయారైన కారది. ఆ మాటే అన్నాను. ఆయన మీటింగ్ ఉందని పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు.

ఇంట్లో ఆ రాత్రి గొడవ కాలేదు. గొడవైతే బాగుండేదనిపించింది. ఎవరో ఉన్నదున్నట్టు లక్షకు కొంటామన్నారని మా ఆయన చెప్పాడు. "ఇచ్చేద్దామా?" అని నన్నే అడిగాడు. మూడు లక్షల అరవై వేలు ఆరునెలల్లో మట్టిలో పోసినట్టు. కారు కోసం తీసుకున్న పీఎఫ్ లోను ఇంకా కడుతున్నాను. ఇవ్వనని చెప్పాను. పట్టుదల అనుకున్నాను అప్పుడు. నిజానికి ఓడిపోయానని ఒప్పుకోవడానికి మనసు రాలేదు, అంతే.

మళ్లీ ఆటో ఎక్కాను. పదిహేను రోజులు. ఒకరోజు సవారీలు లేక ఇద్దరమే ఉన్నప్పుడు భయ్యా అన్నాడు: "బీదర్‌ల మా బామ్మర్ది కరెంటు ఆటో నడుపుతడు. అక్కడొకాయన బ్యాటరీలు ఇప్పి బాగుచేస్తడట. మీ కారు ఒకపారి సూపియ్యుర్రి. సూస్తె పైసలేం పోవు."

బీదర్ మాకు దగ్గరే, కాని రాష్ట్రం వేరు. ఆదివారం పొద్దున ఫుల్ చార్జింగ్ పెట్టి నేనూ మా ఆయనా పోయాం. రేకుల షెడ్డు, బయట వరసగా విప్పిన ఆటోలు. మెకానిక్‌కు యాభై ఉంటాయి, పుణెలో బ్యాటరీల ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చాడట. కన్నడం, ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడాడు. లాప్‌టాప్ తగిలించి చూసి, "విప్పాల అక్కా. విప్పనిది ఏం చెప్పను" అన్నాడు.

కారు అక్కడే వదిలి వచ్చాం. రెండు రోజుల తర్వాత రమ్మంటే వెళ్లాను. భుజాల దాకా రబ్బరు చేతొడుగులు వేసుకుని ఉన్నాడు. మంచమంత బ్యాటరీ మూత తీసి నేలమీద ఉంది. నన్ను అడ్డంగా తాడు కట్టిన చోటే ఆపి, అక్కడినుంచే కర్రతో చూపించాడు. లోపల ఇటుకల్లా పేర్చిన డబ్బాలు.

"ఇవి రెండు ఖరాబ్. బాకీవి మంచిగున్నయ్. ఈ రెండిటి వల్ల మొత్తం గాడీ ఆగుతుంది."

"మరి వాళ్లు మొత్తం మార్చాలన్నరు?"

"వాళ్లు మార్చేవాళ్లు అక్కా. నేను రిపేర్ చేసేవాణ్ని." గొప్పకు అన్న మాట కాదు, ఉన్న సంగతి చెప్పాడు. యాక్సిడెంట్ అయిన కారులోంచి తీసిన డబ్బాలు వేస్తానన్నాడు. డెబ్బై రెండు వేలు. ఆరునెలలు తన పూచీ. "ఆ తర్వాత ఇంకోటి పోవచ్చు, పోకపోవచ్చు. పోదని చెప్తే అబద్ధం అయితది" అన్నాడు.

కారు కొన్న రోజు నుంచి ఆ కారు గురించి నాకు నిజం చెప్పిన మొదటి మనిషి ఆయన. ఒప్పుకుని వచ్చేశాను.

పది రోజులకు కారు తిరిగొచ్చింది. మొదటి రోజు బడికి ఒక్కదాన్నే పోయాను, లెక్కల మేడంను పిలవడానికి ధైర్యం చాలక. పోయి వచ్చినా సగం పైన మిగిలింది. ముప్ఫై నుంచి పన్నెండుకు పడటం ఆగిపోయింది. వారం తర్వాత ఆమే తలుపు తీసుకుని వచ్చి కూర్చుంది. "తాబేలు వస్తె నేను దిగి ఆటో ఎక్కుత, ముందే చెప్తున్న" అంది. సరేనన్నాను.

ఇది జరిగి ఏడాది దాటింది. మెకానిక్ పూచీ గడువు ఎప్పుడో అయిపోయింది, ఆ డబ్బాలు ఇంకా నడుస్తున్నాయి. ఈ ఎండాకాలం ఏసీ కంప్రెసరు పోయింది. ముప్ఫై ఎనిమిది వేలన్నారు. చేయించలేదు. అద్దాలు దించుకుని పోతున్నాం. ఎవరైనా టీచర్లు పాత కరెంటు కారు కొంటామని సలహా అడిగితే, ముందు బ్యాటరీ విప్పి చూపించమనండి, సర్వీసు కాగితాలన్నీ వరసగా ఉన్నాయో లేదో చూడండి, ఇంట్లో ఎర్తింగ్ చూడండి అని మొదలుపెట్టి పీరియడ్ అయిపోయేదాకా చెబుతాను. వాళ్లు నవ్వి, పెట్రోలుదే కొంటున్నారు.

మొన్న ఆదివారం మా ఆయన జామకాయల కోసమని కోహీర్ దాకా పోతూ, బైకు టైరు పంక్చరై ఉండటంతో కారు తాళం అడిగాడు. అంత దూరం ఆయన ఒక్కడే ఆ కారు నడపడం అదే మొదలు. రెండు గంటల్లో సంచీ నిండా కాయలతో వచ్చాడు. తాళం కొక్కానికి తగిలిస్తూ, నా వైపు చూడకుండానే, "మంచిగనే పోతది. సప్పుడు లేదు, ఏం లేదు" అన్నాడు.

నేను కాయలు కడుగుతూ ఊఁ అన్నాను. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడినా మాట వెనక్కి తీసుకుంటాడని భయం.

"కాని రివర్స్ చేస్తుంటే ఏందో కూ కూ అంటున్నది. వెనక ఎవ్వరు లేకున్నా అంటున్నది. ఆపినా ఆగుతలేదు. ఇంకా అంటున్నది, విను."

నిజమే. వాకిట్లోంచి వినిపిస్తోంది.